తమ్ముడి బండి, వంద ఆక్టేన్ పెట్రోలు

మారతహళ్లి నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. ఉత్తరంలోని సంగతులు క్లుప్తంగా ఇవి.

ఆయనది నాయుడుపేట దగ్గర ఊరు. బెంగళూరులో ఒక మందుల గోడౌన్‌లో స్టాక్ చూసే ఉద్యోగం. పెళ్లయి ఏడాదిన్నర. భార్య కూడా ఉద్యోగం చేస్తారు, ఇంటి లెక్కలు ఆమే రాస్తారు. బండి మాత్రం తమ్ముడిది. 2018 మోడల్ స్పోర్ట్స్ బైక్, 155 సీసీ, లిక్విడ్ కూల్డ్ ఇంజన్, కంప్రెషన్ (సిలిండర్‌లో పెట్రోలు, గాలిని ఎన్ని రెట్లు కుదిస్తుందన్న లెక్క) 11.6. తమ్ముడు ఎమ్మెస్ చదవడానికి డల్లాస్ వెళ్తూ తాళం చెవి అన్న చేతిలో పెట్టి, "అమ్మొద్దన్నా, నేనొచ్చేదాకా చూసుకో" అన్నాడు. వీడియో కాల్ చేసినప్పుడల్లా నాన్న ఆరోగ్యం అడిగాక రెండో ప్రశ్న బండి గురించే.

రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. గత మే నెలలో భార్యను ఎక్కించుకుని, వెనక మామిడిపండ్ల సంచి కట్టుకుని ఊరి నుంచి తిరిగి వస్తుంటే, చిత్తూరు దాటి మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్‌లోంచి కిటకిటమని సన్నటి ఇనుప శబ్దం వచ్చింది. అప్పుడు ఐదో గేరు, స్పీడు నలభై అయిదు. భయపడి గేరు తగ్గిస్తే శబ్దం ఆగింది. బెంగళూరు వచ్చాక ఆఫీసులో బైకుల పిచ్చి ఉన్న మిత్రులు, "పదకొండు దాటిన కంప్రెషన్‌కి మామూలు పెట్రోలు పోస్తావా, పిస్టన్ పోతుంది, వంద ఆక్టేన్ పోయించు" అన్నారు. తమ్ముడు, "ఇక్కడ నేను 93 కొట్టిస్తా, మీ దగ్గర 91 ఏంటన్నా" అన్నాడు. మెకానిక్ మాత్రం మామూలుదే చాలన్నాడు. ఈయన మిత్రుల మాటే విన్నారు. వాళ్ల ఏరియాలో మామూలు పెట్రోలు లీటరు 103 దరిదాపు ఉంటే, వంద ఆక్టేన్ 160 పైన. ఆరు నెలలుగా అదే పోయిస్తున్నారు. ఇంట్లో మాత్రం మామూలుదే అని చెప్పారు. ఒకరోజు భార్య ఈయన ఫోన్‌లో యూపీఐ చెల్లింపులు చూసి నిలదీశారు. "ఇంకేమేం దాస్తున్నావు?" అని అడిగారట.

వీటికి తోడు ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు భయం. 2018 బండి దానికి పనికొస్తుందా, పైపులు కరిగిపోతాయా అని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదంటున్నారు. "పికప్ బాగున్నట్టే ఉంది, కానీ అది నిజమో నా మనసు అనుకుంటోందో తెలియడం లేదు. ఏ పెట్రోలు పోయించాలి? తమ్ముడికేం చెప్పాలి? ఆవిడకేం చెప్పాలి?" అని అడిగారు.

మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన వాక్యం ఒకటుంది. "గేరు తగ్గించగానే ఆగిపోయింది" అన్నది. మీరు దాన్ని మాటవరసకు రాసినట్టున్నారు గానీ, సగం జవాబు అందులోనే ఉంది. దాని దగ్గరికి వస్తాను. ముందు ఆక్టేన్ అంకె సంగతి చూద్దాం.

సిలిండర్‌లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ పైకి నొక్కుతుంది. నొక్కేకొద్దీ అది వేడెక్కుతుంది. ప్లగ్ నిప్పురవ్వ వేశాక మంట అక్కడి నుంచి మొదలై అంచుల దాకా పాకాలి. మంట చేరేలోపే అంచుల్లో ఉన్న మిశ్రమం ఆ ఒత్తిడికి, వేడికి తాళలేక తనంతట తాను భగ్గుమంటే, దాన్నే నాకింగ్ అంటారు. మీరు విన్న కిటకిట అదే అయి ఉంటుంది. అది తట్టుకోవడంలో పెట్రోలుకున్న ఓర్పుకి కొలతే ఆక్టేన్. ఐసో ఆక్టేన్ అనే పదార్థానికి 100, హెప్టేన్‌కి 0 అని పెట్టుకున్నారు. మొదటిది 91 పాళ్లు, రెండోది 9 పాళ్లు కలిపితే ఎంత తట్టుకుంటుందో, 91 ఆక్టేన్ పెట్రోలూ అంతే తట్టుకుంటుంది. ఆ అంకె చెప్పేది ఇంతే. లీటరులో ఎంత శక్తి ఉంది, ఎంత మైలేజీ వస్తుంది, పికప్ ఎంత అన్నవి దాన్ని చూసి తెలుసుకోలేం.

అందుకే ఏ ఇంజన్‌కైనా నాకింగ్ రాకుండా ఎంత కావాలో అంత ఉంటే సరిపోతుంది. ఆ పైన ఉన్నది వాడుకునే దారి ఇంజన్‌కి లేదు. జ్వరం లేనివాడికి ఎంత ఖరీదైన జ్వరం మాత్ర ఇచ్చినా ఒంట్లో బలం పెరగదు కదా. కొన్ని ఖరీదైన ఇంజన్లకు నాకింగ్‌ని పసిగట్టే నాక్ సెన్సర్ ఉంటుంది. ఓర్పు ఎక్కువున్న పెట్రోలు పడితే అవి ఇగ్నిషన్ టైమింగ్‌ని, అంటే ప్లగ్ నిప్పు వేసే క్షణాన్ని, కాస్త ముందుకు జరుపుకుని దాన్ని వాడుకోగలవు. మీ తరగతి బైకుల్లో చాలావాటికి ఆ సెన్సర్ ఉండదు. ట్యాంకులో ఉన్నది 91 అయినా 100 అయినా ప్లగ్ నిప్పు వేసే క్షణం మారదు.

ఇక మీ మిత్రులు పట్టుకున్న 11.6 సంగతి. కంప్రెషన్ పెరిగితే ఆక్టేన్ అవసరం పెరుగుతుందన్న మాట నిజమే. కానీ అదొక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. మీ బండి సిలిండర్ చిన్నది, బోర్, అంటే దాని లోపలి అడ్డుకొలత, అరవై మిల్లీమీటర్ల లోపే. మంట పాకాల్సిన దూరం తక్కువ కాబట్టి అంచుల్లో మిశ్రమం పేలడానికి వ్యవధి దొరకదు. పైగా నీళ్లతో చల్లబడే ఇంజన్. ఇప్పటి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 చూడండి. దాని బోర్ 72 మిల్లీమీటర్లు, చల్లబడేది గాలికి, ఆయిల్‌కి. దాన్ని 9.5 కంప్రెషన్ దగ్గర ఉంచారు. ఎంత కంప్రెషన్‌కి ఎంత ఆక్టేన్ అని అన్ని బళ్లకూ వర్తించే పట్టిక ఎక్కడా లేదు. ఉన్నది మీ ఓనర్స్ మాన్యువల్ ఒక్కటే. ఇంజన్ తయారుచేసినవాళ్లు అన్ని పరీక్షలూ చేసి అందులో రాశారు. సీటు కింద టూల్ కిట్ పక్కన ఆ పుస్తకం ఇంకా ఉంటే, ఫ్యూయల్ అన్న పేజీ తెరిచి ఫోటో తీసి పెట్టుకోండి. కనీసం 91 అని ఉంటే మీ మెకానిక్ మాటే సరైనది.

తమ్ముడి 93 దగ్గర కూడా చిన్న తిరకాసు ఉంది. అమెరికా బంకుల మీద రాసేది వేరే లెక్క. ఆక్టేన్ కొలిచే పద్ధతులు రెండున్నాయి, మన దగ్గర రాసేది అందులో ఒకదాని అంకె. దాన్ని రీసెర్చ్ ఆక్టేన్ నంబర్ అంటారు. అమెరికాలో రెండు పద్ధతుల సగటు రాస్తారు, ఆ సగటు ఎప్పుడూ కొంచెం తక్కువే వస్తుంది. అక్కడ మామూలుగా అమ్మే 87, మన 91కి దరిదాపు. తమ్ముడు కొట్టిస్తున్న 93 మన లెక్కలో 97, 98 దాకా ఉంటుంది. అంటే మనవాళ్లు నాసిరకం పెట్రోలు అమ్ముతున్నారన్న అతని అనుమానం ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టడం వల్ల వచ్చిందే.

ఇప్పుడు మొగిలి ఘాట్. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి తీరప్రాంతం కంటే సుమారు పదో వంతు తక్కువ. సిలిండర్‌లోకి వచ్చే గాలే పలచన కాబట్టి లోపలి ఒత్తిడీ తగ్గుతుంది, నాకింగ్ వచ్చే అవకాశమూ తగ్గుతుంది. దానికి తోడు ఇక్కడి చల్లదనం. బండికి ఇంతకంటే సుఖమైన ఊరు మీకు దొరకదు. మీ ఊరు వైపు దిగేకొద్దీ గాలి చిక్కబడుతుంది, మే నెలలో ఎండ నలభై దాటుతుంది. అలాంటి రోజున ఇద్దరు మనుషులు, సంచి నిండా పండ్లు, ఎదురుగా ఘాట్, ఐదో గేరు, ఇంజన్ తిరుగుతున్నది నాలుగు వేల దగ్గర. బండి లాగలేకపోతుంటే మీరు యాక్సిలరేటర్ ఇంకా తిప్పి ఉంటారు, అందరం చేసే పనే అది. నాకింగ్‌కి కావలసిన పరిస్థితులన్నీ ఒక్కచోట చేరాయి. గేరు తగ్గించారు, ఇంజన్ వేగంగా తిరిగింది, ఒక్కో దెబ్బ మీద పడే బరువు తగ్గింది, శబ్దం పోయింది. మీ ఇంజన్ అడిగింది ఆ గేరునే.

"ఆ తర్వాత బెంగళూరులో మళ్లీ వినబడలేదు, వంద ఆక్టేన్ వల్లేనేమో" అని రాశారు. అంతకుముందు రెండేళ్లు ఇదే ఊళ్లో మామూలు పెట్రోలుతో తిరిగినప్పుడు కూడా వినబడలేదు కదా. టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఫస్ట్ గేరుకీ సెకండ్ గేరుకీ మధ్య ఊగిసలాడే ట్రాఫిక్‌లో నాకింగ్ వచ్చేంత పని ఆ ఇంజన్‌కి పడదు.

అయినా ఆ శబ్దాన్ని తేలిగ్గా తీసుకోమని చెప్పను. అప్పుడప్పుడు ఒక్క క్షణం వచ్చిపోయే కిటకిటతో ఏమీ కాదు గానీ, రోజూ గంటల తరబడి అలా కొట్టుకుంటే పిస్టన్ నెత్తిన గుంటలు పడతాయి, పిస్టన్ రింగులు కూర్చునే గాడుల అంచులు విరుగుతాయి. ఏడేళ్లు దాటిన బండి కాబట్టి నాకింగ్‌ని పెంచే లోపాలేమైనా చేరాయేమో ఒకసారి చూపించుకోవడం మంచిది. నేనైతే కూలెంట్‌తో మొదలుపెడతాను. బండి పూర్తిగా చల్లారాక, నేల సమంగా ఉన్నచోట నిటారుగా నిలబెట్టి రిజర్వాయర్ డబ్బా చూడండి. దాని పక్కన ఫుల్, లో అని రెండు గీతలుంటాయి. నీళ్లు 'లో' అన్న గీత కంటే కింద ఉన్నా, రంగు పోయి తుప్పు నీళ్లలా కనబడినా, మీ ఘాట్ శబ్దానికి సగం కారణం అక్కడ దొరికినట్టే. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద విప్పొద్దు, ఒళ్లు కాలుతుంది.

తర్వాత ప్లగ్. మెకానిక్ విప్పినప్పుడు పక్కన నిలబడి చూడండి. నడిమధ్య పింగాణీ ముక్క లేత గోధుమ రంగులో ఉంటే లోపల అంతా బాగున్నట్టు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండి, దాని మీద మిరియపు గింజల పొడి చల్లినట్టు చుక్కలుంటే లోపల వేడి ఎక్కువవుతోందని అర్థం. మాన్యువల్లో ఉన్న నంబరు ప్లగ్గే వేశారా అన్నది కూడా చూడండి. స్పేర్ పార్టుల దుకాణాలుండే జేసీ రోడ్డులో అన్ని రకాలూ దొరుకుతాయి కాబట్టి, కొలతకు పట్టిందని వేరే హీట్ రేంజ్ (వేడిని బయటికి పంపే తీరు) ఉన్న ప్లగ్ బిగించేసిన బళ్లు ఉంటాయి. ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్, పిస్టన్ మీద కార్బన్ ఆ తర్వాత. కొత్త ప్లగ్, కొత్త కూలెంట్ రెండూ కలిపినా మీ ఒక ట్యాంకు వంద ఆక్టేన్ కంటే తక్కువకే వస్తాయి.

శబ్దం గుర్తుపట్టడంలో పొరపాటు పడకుండా ఇంకొక్క మాట. టాపెట్ (వాల్వులను కదిలించే భాగం) శబ్దం, టైమింగ్ చైన్ శబ్దం బండి నిలబెట్టి స్టార్ట్ చేసినా వినబడతాయి, చల్లగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. నాకింగ్ ఇంజన్ మీద బరువు పడినప్పుడే వస్తుంది, యాక్సిలరేటర్ వదిలితే పోతుంది. పొద్దున్నే పార్కింగ్‌లో వినబడే టకటకకు ఏ ఆక్టేన్ పోసినా ఉపయోగం లేదు, టాపెట్ సెట్టింగ్ చేయించుకోవాల్సిందే.

ఇక ఈ20. దీన్ని దేశంలో మొదలుపెట్టింది మీరున్న ఊళ్లోనే, 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో జరిగిన ఇండియా ఎనర్జీ వీక్‌లో. 2025 నాటికి దాదాపు అన్ని బంకుల్లోకీ వచ్చేసింది. మీ ప్రశ్నకు పనికొచ్చే సంగతి ఒకటి ఇందులో ఉంది. ఇథనాల్ సొంత ఆక్టేన్ అంకె నూటికి పైన. దాన్ని 20 శాతం కలిపితే మొత్తం పెట్రోలు అంకె కూడా పెరుగుతుంది. ఇప్పుడు దొరుకుతున్న మామూలు ఈ20 పెట్రోలు ఆక్టేన్ 95 అని పెట్రోలియం శాఖే 2025లో ప్రకటించింది. అంటే మీ తమ్ముడు 91 అని తీసిపారేస్తున్న పెట్రోలు, మీ మాన్యువల్ 91 అడుగుతుంటే, ఇవాళ దానికంటే నాలుగు మెట్లు పైనే ఉంది. నాకింగ్ ఒక్కటే మీ భయమైతే ఈ20 మీ పక్షాన ఉంది.

మరో వైపు నష్టాలూ ఉన్నాయి, వాటిని దాచను. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. మీ కాలపు ద్విచక్ర వాహనాలకు మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ వేసిన రోడ్‌మ్యాప్ అంచనా కట్టింది. 40 ఇచ్చే మీ బండి 38 చిల్లర ఇస్తుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరు గొట్టాలను, ఓ-రింగులను (లీకు కాకుండా వేసే రబ్బరు చుట్లను) మెత్తబరచి పగుళ్లు తెప్పిస్తుంది. ఒక్క రాత్రిలో కరిగించేసేంత భయంకరం కాదు, నెలలు, ఏళ్ల మీద జరిగే అరుగుదల. మీరు రోజూ తిప్పే బండి కాబట్టి ట్యాంకులో పెట్రోలు నిలవ ఉండదు, అది మీకు మేలు. సర్వీసింగ్ చేయించిన ప్రతిసారీ ఫ్యూయల్ గొట్టాన్ని వేళ్లతో వంచి చూడమనండి. ఉబ్బినట్టున్నా, జిగురుగా తగిలినా, వంపు దగ్గర సన్నటి పగుళ్లు కనబడినా మార్పించేయండి, దానికి పెద్ద ఖర్చు కాదు. నెలల తరబడి ఊరెళ్లేటట్టయితే మాత్రం ట్యాంకులో పెట్రోలు అలాగే వదిలేసి వెళ్లొద్దు.

వంద ఆక్టేన్ అంటే ఇథనాల్ లేనిదని అనుకుని కూడా చాలామంది పోయిస్తున్నారు. ఆక్టేన్ వేరు, ఇథనాల్ వేరు. మీ బంకులో ఆ పంపు దగ్గర ఎంత శాతం కలిసిందో మేనేజర్‌ని అడగండి. ఆ బంకు మీద అనుమానముంటే ఫిల్టర్ పేపర్ అడిగి తీసుకోవడం మీ హక్కు. దాని మీద చుక్క పెట్రోలు వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి. కిరసనాయిలు లాంటివి కలిస్తే మరక మిగులుతుంది, ఆక్టేన్ కూడా పడిపోతుంది. ఘాట్ ఎక్కేముందు హైవేలో తెలియని బంకులో పోయించుకున్నారేమో గుర్తు తెచ్చుకోండి.

మీ ముందున్న దారులు చూద్దాం. మామూలు పెట్రోలుకి తిరిగి వచ్చేయొచ్చు. కూలెంట్, ప్లగ్ సరిచేయించి, ఎత్తులో గేరు తగ్గించే అలవాటు చేసుకుంటే మీ వాడకానికి ఇది సరిపోతుందనే నా నమ్మకం. అలా వచ్చేస్తే మైలేజీలో ఒకటి రెండు కిలోమీటర్లు తగ్గినట్టు కనబడొచ్చు, దానికి కంగారు పడకండి.

కంపెనీలు పేరు పెట్టి అమ్మే 95 ఆక్టేన్ పోయించొచ్చు. లీటరుకు కొద్ది రూపాయలే తేడా, కాబట్టి జేబుకు పెద్దగా తెలియదు. ఇంజెక్టర్‌ని శుభ్రంగా ఉంచే రసాయనాలు వాటిలో కలుపుతారు. నాలుగైదు ట్యాంకులకొకసారి పోయించుకుంటే తప్పులేదు. కానీ ఆక్టేన్ కోసం దాన్ని కొంటున్నారంటే, మామూలు ఈ20లో ఇప్పటికే ఉన్నదానికి మళ్లీ డబ్బు కడుతున్నట్టే.

వంద ఆక్టేన్‌తోనే కొనసాగొచ్చు. బండికి చెడు ఏమీ జరగదు. జరిగేది లెక్కల పుస్తకంలోనే. మీరు నెలకు 1,200 కిలోమీటర్లు తిరుగుతానన్నారు, 40 మైలేజీ లెక్కన 30 లీటర్లు. లీటరుకు 60 రూపాయల తేడా వేసుకుంటే నెలకు 1,800, ఏడాదికి 21,600. ఇథనాల్ లేనిది దొరికి మైలేజీ 4 శాతం పెరిగిందనుకున్నా, లీటరుకు కిలోమీటరున్నర పైచిలుకు, అంటే నాలుగు రూపాయలు కలిసొస్తుంది. నాలుగు రావడానికి అరవై పెడుతున్నారు. ఆ 21,600తో మంచి టైర్లు, చైన్ స్ప్రాకెట్, బ్రేక్ ప్యాడ్లు మార్పించినా ఇంకా మిగులుతుంది. తమ్ముడు చూసుకోమన్న బండిని రోడ్డు మీద కాపాడేవి అవే.

రెండూ కలిపి పోయించినా ప్రమాదం లేదు. సగం సగం కలిస్తే అంకె కూడా మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఆక్టేన్ బూస్టర్ అని సీసాల్లో అమ్మేవాటి జోలికి మాత్రం వెళ్లకండి. కొన్నిటిలో మాంగనీస్ ఉంటుంది, అది ప్లగ్ మీద ఎర్రటి పొరగా పేరుకుంటుంది. ఎవరైనా ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్) రీమ్యాప్ చేయిద్దాం అంటే కూడా ఆలోచించుకోండి. టైమింగ్‌ని వంద ఆక్టేన్‌కి తగ్గట్టు ముందుకు జరిపిస్తే, అప్పుడు నిజంగానే పికప్ పెరుగుతుంది. ఆ తర్వాత ఆ పెట్రోలు దొరకని ఊరికి, అంటే మీ సొంత ఊరికే, బండి మీద వెళ్లాలంటే భయపడాలి.

పికప్ నిజమా, మనసు చెప్పేదా అని అడిగారు. దీనికి తేలికైన పరీక్ష ఉంది, మీ ఆవిడ సాయం కావాలి. రెండు నెలల పాటు పెట్రోలు పోయించే పని ఆమెకు అప్పగించండి. ఆమె రెండు రకాల్లో ఏదో ఒకటి పోయిస్తారు, ఏదన్నది మీకు చెప్పరు. ట్యాంకు బాగా ఖాళీ అయ్యాక, ఒకే బంకులో, పంపు తనంతట ఆగేదాకా పోయించాలి. ట్రిప్ మీటర్ సున్నా చేసి కిలోమీటర్లు రాసుకోవాలి. ఏ ట్యాంకులో ఏం పోశారో మీరు బండి నడిపి చెప్పాలి. లెక్కలు రాయడం ఆమెకు అలవాటే కాబట్టి మీకంటే బాగా రాస్తారు. సరిగ్గా కనిపెట్టగలిగితే, మీ చెవికి, చేతికి తెలిసే తేడా ఉందని ఒప్పుకుని ఆ ఖర్చుకు తగునా లేదా అని ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. కనిపెట్టలేకపోతే అప్పుడు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

దీనికి ముందు ఆమెతో మాట్లాడాలి. యూపీఐలో చూసేసింది కదా, ఇక చెప్పేదేముంది అనుకుని ఊరుకోకండి. ఎంత ఖర్చయిందో ఆమెకు తెలిసింది గానీ ఎందుకు దాచారో తెలియలేదు. ఆ కారణం మీ ఉత్తరం మూడో పేజీలో ఉంది: ఆమె ఒకప్పుడు బండి అమ్మేసి స్కూటర్ కొందామన్నారు, ఖర్చు తెలిస్తే మళ్లీ ఆ మాట వస్తుందని మీకు భయం. ఇదే మాట ఆమెకు చెప్పండి. చెబితే స్కూటర్ ప్రస్తావన నిజంగానే మళ్లీ రావొచ్చు, దానికి సిద్ధపడి చెప్పండి. చెప్పకుండా మెల్లగా మామూలు పెట్రోలుకి మారిపోతే గొడవ దానంతట సద్దుమణుగుతుంది, కానీ మీరు చేసే ప్రతి చెల్లింపు దగ్గరా ఆమెకు ఆ ప్రశ్న మెదులుతుంది. ఆమె స్కూటర్ ఎందుకన్నారో కూడా ఒకసారి ఆలోచించారా? స్పోర్ట్స్ బైకు వెనక సీటు అరచేతి వెడల్పు, ఎత్తు, పట్టుకోవడానికి సరైన పిడి ఉండదు. దాని మీద మే ఎండలో మూడు వందల కిలోమీటర్ల పైన కూర్చుని వచ్చింది ఆమె. మీరు ఘాట్‌లో ఇంజన్ బాధ విన్నారు, ఆమె నడుం నొప్పి గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్కే ఉంది. ఊరికి వెళ్లేటప్పుడు ఆమె, సంచులు తిరుపతి దాకా బస్సులో వెళ్లే ఏర్పాటు చేస్తే ఆమెకు సుఖం, బండి మీద బరువు సగానికి తగ్గుతుంది, నాకింగ్ ప్రశ్న కూడా చాలావరకు పోతుంది.

తమ్ముడి బండి అమ్మొద్దనుకోవడంలో తప్పులేదు. మాట ఇచ్చారు, నిలబెట్టుకోండి. అయితే అతను అడిగింది చూసుకోమని. వంద ఆక్టేన్ పోయించమన్న షరతు తాళం చెవితో పాటు రాలేదు. ఈసారి కాల్ చేసినప్పుడు 87, 91 లెక్క చెప్పండి. విప్పిన పాత ప్లగ్ ఫోటో, నింపిన కూలెంట్ గీత ఫోటో, మాన్యువల్ పేజీ ఫోటో పంపండి. అతను ఇంకా పట్టుబడితే, తేడా డబ్బు పంపమని నవ్వుతూ అడగగల చనువు అన్నదమ్ముల మధ్య ఉంటుంది. మీ ఇద్దరి జీతాల్లోంచి అతని బండికి ఏడాదికి ఎంత పెట్టగలరో మాత్రం మీ ఆవిడతో కలిసి నిర్ణయించి, ఆ మొత్తం ఇంటి లెక్కలో ఒక వరుసగా రాయించండి.

ఈ మేలో మళ్లీ ఊరెళ్తానన్నారు. వెళ్లేటప్పుడు నంగిలి దాటకముందే కర్ణాటకలో ట్యాంకు నింపుకోండి, ఆంధ్ర వైపు రేటు ఎక్కువని మీకు తెలిసిందే. తిరుగు ప్రయాణంలో మనసుకు భరోసా కావాలనుకుంటే తిరుపతిలో రద్దీగా ఉండే బంకులో నాలుగు లీటర్లు ఎక్కువ ఆక్టేన్ది కలుపుకోండి, ఏడాదికి ఒకటి రెండు సార్లు అంత ఖర్చు ఎవరినీ నొప్పించదు. చిత్తూరు దాటాక నీడలో ఆగి ఇంజన్‌ని పది నిమిషాలు చల్లారనివ్వండి. మొగిలి ఎక్కేటప్పుడు మూడో గేరులో, ఇంజన్ అయిదారు వేల మధ్య తిరిగేలా ఉంచండి, బండి గట్టిగా అరుస్తున్నట్టు అనిపించినా పర్వాలేదు. అప్పుడు కూడా ఆ కిటకిట వస్తే ఏ గేరు, ఎంత స్పీడు, ఎంత బరువు, ఏ బంకు పెట్రోలు, కూలెంట్ గీత ఎక్కడుంది అన్నవి రాసి మళ్లీ ఉత్తరం పంపండి. నా జవాబు వచ్చేలోపు ఒకసారి ఇంజన్ హెడ్ విప్పి కార్బన్ ఎంత ఉందో చూడమని మీ మెకానిక్‌తో చెప్పి ఉంచండి.